అనాథలు, వృద్ధులు: మన చేతిలోని అమానత్

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! రమజాన్ దగ్గరపడుతున్న కొద్దీ మన మస్జిదుల గుమ్మాల ముందు రసీదు పుస్తకాలు కనిపించటం మొదలవుతుంది. ఒక అనాథాశ్రమం తరఫున ఒకరు, ఒక వృద్ధాశ్రమం తరఫున ఇంకొకరు, సగంలో ఆగిపోయిన యతీంఖానా భవనం ఫోటో పట్టుకుని మరొకరు వస్తారు. మనం జేబులో చేయి పెడతాము, తోచినది ఇస్తాము, రసీదు మడిచి దాచుకుంటాము. అంతటితో మన బాధ్యత తీరినట్లే భావిస్తాము. ఈ శుక్రవారం మనం ఆలోచించవలసింది దాని తరువాతి సంగతిని గురించి. ఆ సొమ్ము ఎవరిది? అది ముందుగా ఏ ఇంటికి చేరాలి? చేరినదీ లేనిదీ విచారించవలసినవారు ఎవరు?

దైవప్రవక్త (స) తండ్రి అబ్దుల్లాహ్ ఆయన పుట్టకముందే మరణించారు. ఆరేళ్ళ వయసులో తల్లి ఆమినా, మదీనా నుండి తిరుగు ప్రయాణంలో, అబ్వా అనే చోట కన్నుమూశారు. ఎనిమిదేళ్ళు వచ్చేసరికి తాత అబ్దుల్ ముత్తలిబ్ కూడా వెళ్ళిపోయారు. ఆ తరువాత ఆయనను చేరదీసినవారు తండ్రి సోదరుడు అబూ తాలిబ్. అబూ తాలిబ్ ధనవంతుడు కాదు, పైగా ఆయనకు పిల్లలు చాలామంది. అయినా ఆ ఇంటి ఇల్లాలు ఫాతిమా బిన్తె అసద్ (రజి) ఆ బాలుణ్ణి కన్నబిడ్డలా చూసుకున్నారు. దశాబ్దాల తరువాత ఆమె మదీనాలో మరణించినప్పుడు దైవప్రవక్త (స) తన చొక్కాను ఆమె కఫన్ కోసం ఇచ్చారని ఉల్లేఖనాలలో ఉంది. ఆశ్రయమిచ్చిన తల్లిని ఆయన చివరిదాకా మరచిపోలేదు. అజ్జుహా సూరాలో అల్లాహ్ తన ప్రవక్తకు ఆనాటి అనాథ స్థితిని గుర్తు చేసి, ఆ వెంటనే అనాథను కసురుకోవద్దని ఆదేశించాడు.

ధర్మశాస్త్ర పరిభాషలో 'యతీమ్' అంటే యుక్తవయసు రాకముందే తండ్రిని కోల్పోయిన పిల్లవాడు లేక పిల్ల. తల్లి బ్రతికి ఉన్నా ఆ బిడ్డ యతీమే. ఈ నిర్వచనాన్ని మనం తేలికగా తీసుకోకూడదు. 'అనాథ' అనగానే మన మనసులో ఎవరూ లేని బిడ్డ మెదులుతాడు. ఖుర్ఆన్ చెప్పే యతీముకు మాత్రం చాలా సందర్భాలలో తల్లి ఉంటుంది, అమ్మమ్మ ఉంటుంది, మేనమామ ఉంటాడు. లేనిది సంపాదించి పెట్టే చేయి, హక్కుల కోసం నిలబడే మనిషి. అందుకే దైవగ్రంథం యతీముల గురించి మాట్లాడినప్పుడు కేవలం జాలి గురించి మాట్లాడి ఊరుకోలేదు. వారి ఆస్తి గురించి, లెక్కల గురించి, సాక్షుల గురించి ఎంతో వివరంగా మాట్లాడింది.

అన్‌నిసా సూరాలోని తొలి ఆయతులను శ్రద్ధగా చదివినవారికి ఈ సంగతి విదితమే. యతీముల సొమ్మును తమ సొమ్ములో కలిపి తినరాదు. వారి మంచి వస్తువు తీసుకుని దాని స్థానంలో నాసిరకం వస్తువు పెట్టరాదు. వారు ఎదుగుతున్న కొద్దీ వారి వివేకాన్ని పరీక్షిస్తూ ఉండాలి. యుక్తవయసు వచ్చి, వ్యవహార జ్ఞానం కలిగిందని తేలినప్పుడు వారి సొత్తు వారికి అప్పగించాలి, అదీ సాక్షుల సమక్షంలో. పెద్దవాళ్ళయితే అడుగుతారన్న భయంతో తొందర తొందరగా ఖర్చు చేయరాదు. సంరక్షకుడు స్థితిపరుడైతే అందులో నుండి ఏమీ ముట్టుకోరాదు, పేదవాడైతే ధర్మసమ్మతమైన మేరకే తీసుకోవాలి. అన్యాయంగా యతీముల సొమ్ము తినేవారు తమ కడుపులను అగ్నితో నింపుకుంటున్నారన్న హెచ్చరిక కూడా ఆ సూరాలోనిదే.

ఈ హెచ్చరికలు అవతరించినప్పుడు సహచరులు ఎంతగా వణికిపోయారో హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపారు. తమ ఇళ్ళలో యతీములున్నవారు వారి అన్నం వేరుగా, వారి నీళ్ళు వేరుగా పెట్టసాగారు. పిల్లవాడు తినగా మిగిలినదాన్ని ఇతరులు తాకేవారు కారు. అతడు మళ్ళీ తింటే సరి, లేదంటే పాడైపోయేది. ఇది అందరికీ కష్టమై దైవప్రవక్త (స)కు విన్నవించుకున్నారు. అప్పుడు అల్‌బఖరా సూరాలోని 220వ ఆయత్ అవతరించింది. వారి మేలు కోరి చేసే పని మంచిదే, మీ సంసారంలో కలుపుకుంటే వారు మీ సోదరులే, చెరిచేవాడెవడో బాగుచేసేవాడెవడో అల్లాహ్‌కు తెలుసునన్నది దాని భావం. అంటే యతీము వేరు పళ్ళెంలో, వేరు మూలలో కూర్చుని తినవలసిన వాడు కాదు. ఇంటివారితో కలిసి తినవలసిన బిడ్డ. లెక్క వేరుగా ఉండాలి, పంక్తి మాత్రం ఒక్కటిగానే ఉండాలి.

ఇక్కడే మన దానాల దారి గురించి ఒక మాట చెప్పుకోవాలి. భర్త చనిపోయిన ఒక స్త్రీ, ఇద్దరు పిల్లలు. ఇంటి అద్దె కట్టలేదు, బడి ఫీజు కట్టలేదు. ఆమెకు తెలిసినవారు ఇచ్చే సలహా ఏమిటి? పిల్లలను యతీంఖానాలో వేయమని. ఆమె కన్నీళ్ళతో పిల్లలను దింపి వస్తుంది. మనం ఆ యతీంఖానాకు చందా ఇచ్చి పుణ్యం చేశామనుకుంటాము. పిల్లల తిండికీ చదువుకూ అక్కడ అయ్యే ఖర్చు నెలనెలా ఆ తల్లి చేతికే అంది ఉంటే ఆ పిల్లలు ఆమె ఒడిలోనే పెరిగేవారు కదా! తల్లి ఉన్న బిడ్డను తల్లికి దూరం చేసే దానం, దాత మనసు ఎంత మంచిదైనా, యతీముకు మేలు చేసిందని మనం అనలేము.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌వూద్ (రజి) గారి సతీమణి జైనబ్ (రజి) తన భర్తపైనా, తన పోషణలో ఉన్న యతీములపైనా ఖర్చు చేస్తే అది దానంగా సరిపోతుందా అని దైవప్రవక్త (స)ను అడిగించారు. సరిపోతుందని, పైగా బంధుత్వానికి ఒకటి, దానానికి ఒకటి చొప్పున ఆమెకు రెండింతల పుణ్యం ఉందని ఆయన తెలియజేశారు. దానం మొదట తొక్కవలసిన గడప దగ్గరివారిదేనని దీని ద్వారా తెలుస్తున్నది.

లోకానుభవం కూడా దీనినే బలపరుస్తున్నది. రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000వ సంవత్సరంలో పరిశోధకులు ఆశ్రమాలలో పెరుగుతున్న 136 మంది పసివాళ్ళపై అధ్యయనం ప్రారంభించారు. కొందరిని పెంపక కుటుంబాలకు అప్పగించి, మిగిలినవారితో పోల్చి చూశారు. కుటుంబాలలోకి వెళ్ళిన పిల్లలు, ముఖ్యంగా రెండేళ్ళ లోపే వెళ్ళినవారు, తెలివితేటలలోనూ మమతానుబంధాలలోనూ స్పష్టంగా మెరుగుపడ్డారు. ఆశ్రమంలో తిండికి లోటు లేకపోవచ్చు. కానీ ఇరవై మంది పసివాళ్ళకు ఒక్క ఆయా ఉన్నచోట, ఏడ్చిన ప్రతి బిడ్డనూ ఎత్తుకునే చేతులు ఉండవు.

మన దేశ చట్టం కూడా ఈ దిశలోనే ఉంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లలను సంస్థలో ఉంచటం చిట్టచివరి మార్గం కావాలి. తండ్రి లేక తల్లితో గాని, బంధువులతో గాని ఉంటున్న నిరుపేద పిల్లల కోసం మిషన్ వాత్సల్య పథకం క్రింద నెలకు 4,000 రూపాయల సహాయం ఉంది. కుటుంబ వార్షికాదాయం గ్రామాలలో 72,000, ఇతర ప్రాంతాలలో 96,000 రూపాయలకు మించకూడదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇవ్వాలి. మన మహల్లాలోని ఎందరు వితంతువులకు ఈ సంగతి తెలుసు? ఒక దరఖాస్తు నింపి, ఆధార్, మరణ ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం జతచేసి, ఆమె వెంట ఆఫీసుకు వెళ్ళి రావటం కూడా సదఖాయే. దానికి జేబులో డబ్బు ఉండనక్కరలేదు.

అయితే ఏ బంధువూ లేని, ఇంట్లోనే హింస పాలైన, వీధిన వదలివేయబడిన పిల్లలు ఉన్నారు. వారికి ఆశ్రమం కావాలి, మంచి ఆశ్రమం కావాలి. ఈ సంప్రదాయం మనకు కొత్త కాదు. హైదరాబాదు నాంపల్లిలోని అనీసుల్ గుర్బా తరతరాలుగా యతీములకు నీడనిచ్చిన సంస్థ. సరూర్‌నగర్‌లోని విక్టోరియా మెమోరియల్ హోమ్ ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో వెలసినది, అక్కడ అన్ని మతాల పిల్లలూ చదువుకున్నారు.

గుజరాత్‌లోని బాంట్వాలో 1928లో పుట్టి, దేశ విభజన సమయంలో కరాచీకి తరలివెళ్ళిన అబ్దుల్ సత్తార్ ఈధీ తన కేంద్రాల గుమ్మాల ముందు ఉయ్యాలలు ఉంచారు. బిడ్డను చంపవద్దు, ఇందులో వదలి వెళ్ళండి అని దాని ఉద్దేశం. వదలిన వారెవరని విచారణ చేసేవారు కారు. దారి తప్పి సరిహద్దు దాటిపోయిన, మాట్లాడలేని, వినలేని ఒక భారతీయ బాలికకు ఆ సంస్థే ఆశ్రయమిచ్చింది. ఆమెకు గీత అని పేరుపెట్టి, ఆమె పూజకు చోటు కల్పించి, 2015 అక్టోబరులో స్వదేశానికి పంపింది. పెంచిన చేతులు ఆమె విశ్వాసాన్ని మార్చే ప్రయత్నం చేయలేదు. అల్‌అహ్‌జాబ్ సూరా పెంపుడు బిడ్డలను వారి కన్నతండ్రుల పేరుతోనే పిలవమని ఆదేశించింది. పోషించినంత మాత్రాన బిడ్డ పుట్టుకను, గుర్తింపును మనం తుడిచివేయరాదు.

కాబట్టి రసీదు పుస్తకం మన ముందుకు వచ్చినప్పుడు కొన్ని ప్రశ్నలు అడగాలి. అడగటం అనుమానం కాదు, అమానత్ పట్ల గౌరవం. యతీము సొత్తును సాక్షుల ముందు అప్పగించమన్న ధర్మం మనది. లెక్క అడిగితే నొచ్చుకునే నిర్వాహకుడు ఆ ఆయతును మరచిపోయినట్లే. సంస్థకు బాలల న్యాయ చట్టం క్రింద నమోదు పత్రం ఉందా? ఆ చట్టంలోని 41వ సెక్షన్ ప్రకారం పిల్లలను ఉంచుకునే ప్రతి సంస్థకూ నమోదు తప్పనిసరి. అది లేకుండా నడిపితే ఏడాది వరకు జైలు గాని, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ఏటా ఆడిట్ జరుగుతున్నదా? పిల్లలలో ఎందరికి తల్లి ఉంది? ఆమె తన బిడ్డను ఎప్పుడు కావాలంటే అప్పుడు చూడగలదా? వేసవి సెలవులలో పిల్లలు ఇంటికి వెళుతున్నారా? రాత్రివేళ వారి దగ్గర ఎవరుంటారు? మనం చూడబోయినప్పుడు వంటగది చూపిస్తారా, లేక కార్యాలయం గదిలో టీ ఇచ్చి పంపిస్తారా? ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 అనే ఉచిత ఫోన్ నంబరు గోడ మీద పిల్లలకు కనబడేలా రాసి ఉందా? ఈ చివరి ప్రశ్న చిన్నదిగా తోచవచ్చు గాని, దానికి వచ్చే జవాబు చాలా సంగతులు చెబుతుంది.

జకాత్ సొమ్ము విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అత్తౌబా సూరా 60వ ఆయత్ జకాత్ హక్కుదారులను ఎనిమిది వర్గాలుగా నిర్ణయించింది. ఆ జాబితాలో యతీమ్ అన్న పదం లేదు. యతీమ్ పేదవాడైతే పేదరికం కారణంగా అతడు అర్హుడు. తండ్రి వదలి వెళ్ళిన ఆస్తి నిసాబ్‌కు మించి ఉంటే అర్హుడు కాడు. హనఫీ ధర్మవేత్తల ప్రకారం జకాత్ హక్కుదారుని యాజమాన్యంలోకి వెళ్ళాలి. భవనాల గోడలకు, సిబ్బంది జీతాలకు దానిని వాడరాదు. అందుకు లిల్లాహ్ సొమ్ము, ఐచ్ఛిక సదఖా ఉన్నాయి. ఇచ్చేటప్పుడే ఇది జకాత్, ఇది లిల్లాహ్ అని విడివిడిగా చెప్పి, రసీదుపై రాయించుకోవాలి. కన్న తల్లిదండ్రులకు, తాత ముత్తాతలకు జకాత్ ఇవ్వటం చెల్లదు, ఎందుకంటే వారి పోషణ మన మీద ఎలాగూ ఉన్న బాధ్యత. వారికి మన జకాత్ కాదు, మన సంపాదనలో భాగం ఇవ్వాలి.

వృద్ధుల విషయానికి వద్దాం. మన పిల్లల పట్ల దయ చూపనివారు, మన పెద్దలను గౌరవించనివారు తన సముదాయానికి చెందినవారు కారని దైవప్రవక్త (స) హెచ్చరించారు. పసివాళ్ళనూ ముసలివాళ్ళనూ ఆయన ఒకే మాటలో చేర్చారు. మక్కా విజయం నాడు హజ్రత్ అబూ బక్ర్ (రజి) తన వృద్ధ తండ్రి అబూ ఖుహాఫాను వెంటబెట్టుకుని వచ్చారు. ఆయనకు చూపు పోయింది, తల పూర్తిగా నెరిసింది. పెద్దాయనను ఇంట్లోనే ఉండనిస్తే తానే వచ్చేవాడిని కదా అని దైవప్రవక్త (స) అన్నారు. పట్టణమంతా తన అధీనంలోకి వచ్చిన రోజున ఆయన అన్న మాట అది.

ఖలీఫా ఉమర్ (రజి) ఒకనాడు గుమ్మం గుమ్మం తిరుగుతూ యాచిస్తున్న ఒక గుడ్డి వృద్ధుణ్ణి చూశారు. విచారిస్తే అతడు యూదుడని, జిజియా కట్టలేక, ముసలితనం వల్ల, అవసరం వల్ల యాచిస్తున్నాడని తెలిసింది. ఉమర్ (రజి) అతని చేయి పట్టుకుని తన ఇంటికి తీసుకువెళ్ళి ఉన్నది ఇచ్చారు. తరువాత బైతుల్ మాల్ అధికారిని పిలిపించి, ఇతని యవ్వనాన్ని అనుభవించి ముసలితనంలో వదలివేస్తే మనం న్యాయం చేసినవారము కాము అని, అతనికీ అతనిలాంటివారికీ జిజియా రద్దు చేయించారు. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) తమ గ్రంథం 'కితాబుల్ ఖరాజ్'లో దీనిని నమోదు చేశారు. వృద్ధుని మతం అడిగినది అతని భారం ఏమిటో తెలుసుకోవటానికే, సహాయం ఆపటానికి కాదు. మన వీధిలో ఒంటరిగా ఉన్న పొరుగు ముసలమ్మ ఏ మతస్థురాలైనా మన లిల్లాహ్ సొమ్ములో ఆమెకు చోటుంది.

నిజామాబాద్, కరీంనగర్, కడప జిల్లాలలో గల్ఫ్ సొమ్ముతో కట్టిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. వాటిలో కొన్నింటిలో ఇద్దరే ఉంటారు, కొన్నింటిలో ఒక్కరే. నెలనెలా డబ్బు వస్తుంది. బి.పి. మాత్ర అయిపోయినప్పుడు తెచ్చేవారు ఉండరు. దూరదేశంలో చెమటోడ్చే కొడుకును నిందించటం మన ఉద్దేశం కాదు. అతని రెక్కల కష్టమే ఆ ఇంటి దీపం. అయితే పేదరికం లేని వృద్ధాప్యం కూడా నిస్సహాయమైనదే కావచ్చునని, దానికి చందా కంటే మనిషి అవసరం ఎక్కువని మహల్లా గుర్తించాలి. బనీ ఇస్రాయీల్ సూరా తల్లిదండ్రుల ముందు విసుగుతో 'ఉఫ్' అనటాన్ని కూడా నిషేధించింది. ఆ ఆయత్ వారు వృద్ధాప్యానికి చేరినప్పటి సంగతిని, 'నీ వద్ద' అన్న అర్థం వచ్చే మాటతో ప్రస్తావించింది. వ్యాఖ్యాతలు ఆ మాటపై ప్రత్యేకంగా ఆగారు: ముసలితనం బిడ్డ దగ్గర గడవాలన్నది అందులోని సూచన.

కన్నబిడ్డలే గెంటివేసిన వారికి చట్టం అండగా ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం క్రింద వారు ఆర్.డి.ఓ. వద్ద ఉన్న ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. నెలకు 10,000 రూపాయల వరకు మనోవర్తి ఇప్పించవచ్చునని ఆ చట్టం చెప్పింది. వృద్ధులను వదలివేయటం మూడు నెలల వరకు జైలుశిక్షకు తగిన నేరం. పోషిస్తారన్న షరతుతో ఇల్లు రాసి ఇచ్చి మోసపోయినవారు 23వ సెక్షన్ క్రింద ఆ పత్రాన్ని రద్దు చేయించుకోవచ్చు, అయితే షరతు ఉన్నట్లు రుజువు కావాలి. కాబట్టి బ్రతికి ఉండగానే ఇల్లు హిబా చేయదలచిన పెద్దలు తొందరపడరాదు. ఒక ఆలిమ్‌కూ, ఒక న్యాయవాదికీ చూపించి రాయించుకోవాలి. వృద్ధుల సహాయం కోసం 14567 అనే ఫోన్ నంబరు ఉంది. తెలంగాణలో 2,016 రూపాయల, ఆంధ్రప్రదేశ్‌లో 4,000 రూపాయల పింఛను అర్హులకు అందుతున్నది. వేలిముద్ర పడక, ఆధార్‌లో వయసు తప్పుగా పడి, అర్హులై ఉండి కూడా పొందలేకపోతున్నవారు మన మధ్యనే ఉంటారు.

సహాయం పొందినవారి గౌరవం గురించి కూడా చెప్పుకోవాలి. ఇబ్నె బతూతా 1326లో డమాస్కస్ చేరినప్పుడు ఒక బానిస కుర్రాడు చీనా పింగాణీ పళ్ళెం జారవిడిచి పగులగొట్టటం చూశాడు. చుట్టూ చేరినవారు ఆ ముక్కలు ఏరుకుని, పగిలిన పాత్రల కోసమే ఉన్న వక్ఫ్ నిర్వాహకుని దగ్గరకు వెళ్ళమన్నారు. కుర్రాడు అలాగే వెళ్ళి పళ్ళెం ఖరీదు తెచ్చుకున్నాడు. లేకుంటే యజమాని చేత దెబ్బలు తినేవాడు, కనీసం మనసు కుమిలిపోయేవాడు. ఒక పసివాని భయాన్ని కూడా అవసరంగా లెక్కించి, దానికోసం ఆస్తి రాసి ఇచ్చిన దాతలు ఆనాడు ఉన్నారు. నేడు మనం బియ్యం సంచి ఇస్తూ వితంతువు ప్రక్కన నిలబడి ఫోటో తీయించుకుంటున్నాము. ఆమె బిడ్డ చదివే బడిలో ఆ ఫోటో సెల్‌ఫోన్లలో తిరుగుతుంది. దానం చేసి దెప్పిపొడిచి, బాధపెట్టి దానిని వ్యర్థం చేసుకోవద్దని అల్‌బఖరా సూరా హెచ్చరించింది. నోటితో అనకపోయినా ఆ ఫోటో ఏళ్ళ తరబడి దెప్పిపొడుస్తూనే ఉంటుంది.

మస్జిద్ కమిటీలకు మా విన్నపం ఇది. షాబాన్ నెల ముగిసేలోగా మహల్లాలోని యతీముల, వితంతువుల, ఒంటరి వృద్ధుల జాబితా తయారు చేయాలి. నమ్మకస్తులైన ఇద్దరు పురుషులు, ఇద్దరు స్త్రీలు ఇల్లిల్లూ తిరగాలి. స్త్రీలు ఎందుకంటే, వితంతువు తన అవసరాన్ని మరొక స్త్రీతోనే మనసు విప్పి చెప్పగలదు. ప్రతి పేరు ఎదుట నెలకు కావలసినది ఎంత, పింఛను వస్తున్నదా, బిడ్డ బడికి వెళుతున్నాడా, మందులు ఏమిటి అన్నవి రాయాలి. ఆ పుస్తకం ఆ నలుగురి దగ్గరే ఉండాలి, పేర్లు మైకులో చదవరాదు. వసూలైన జకాత్‌లో నుండి ముందుగా ఈ ఇళ్ళకు పన్నెండు నెలల ఏర్పాటు చేసి, మిగిలినది బయటి సంస్థలకు పంపాలి. ఈద్ తరువాత మొదటి శుక్రవారం, పేర్లు లేకుండా, ఎంత వచ్చింది, ఎన్ని ఇళ్ళకు ఎంత వెళ్ళింది, ఎంత మిగిలింది అన్న లెక్క మస్జిద్ గోడపై అంటించాలి.